పందుల దారి

టెంటు జిప్పు లాగి తల బయటపెట్టాడు ప్రేమ్ కుమార్. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమీ రాలేదండీ. కనీసం కుందేలైనా రాలేదు," అన్నాడు.

కాఫీ తెచ్చిన ఉమామహేష్‌కి ఆ గ్లాసులు అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది. అడవి జంతువుల్ని చూద్దామని భార్యాభర్తలు విశాఖపట్నం నుంచి వచ్చారు. ఇవాళ వెళ్లిపోతున్నారు. రాత్రంతా కళ్లు కాయలు కాచేలా కాపు కాసి వాళ్లు చూసింది పక్క పొలం గేదెల్ని.

వీళ్లే కాదు, సీజను మొదలైన దగ్గర్నుంచి అందరిదీ ఇదే గోల. ఫోన్లో రివ్యూలు చూస్తే ఒళ్లు మండుకొస్తోంది. "జంతువులు సున్నా. వాళ్లావిడ రోజా గారి చేపల పులుసు సూపర్" అని ఒకాయన. "వెళ్తూ వెళ్తూ మాడుగులలో హల్వా కొనుక్కున్నాం, అదొక్కటే లాభం" అని ఒకావిడ. ఇంకో పెద్దమనిషి అయితే, "అడవిపంది ఫొటో పెట్టి మోసం చేస్తున్నారు" అని రాసిపడేశాడు.

మోసమా! ఆ ఫొటో ఉమామహేష్ తన చేత్తో తీసిందే. నిరుడు, ఇదే తోటలో. తల్లిపంది, వెనకాల చారల చారల పిల్లలు. చోడవరం నుంచి మాడుగుల వెళ్లే దారిలో, కొండ కిందే వాళ్ల చెరకు తోట. ఆ ఫొటో చూసుకునే అతను ఉద్యోగం మానేశాడు. తోట పక్కన టెంట్లు వేశాడు. లోపల మెత్తటి మంచాలు, ఫ్యాన్లు, బయట దీపాల దండలు. గేటు దగ్గర "ఇక్కడ జంతువులకు అభయం" అని బోర్డు పెట్టాడు.

ఆ బోర్డు చూసి తండ్రి పరదేశి ఎగిరిపడ్డాడు.

"పందులకి అభయమా? మరి సెరుకుకి ఎవుడిస్తాడ్రా అభయం?" అన్నాడు. తోట చుట్టూ కరెంటు తీగ లాగి తీరతానన్నాడు.

"తీగ లాగితే నేనీ ఇంట్లో ఉండను," అన్నాడు ఉమామహేష్. ఉచ్చులు వద్దన్నాడు. టపాకాయలు వద్దన్నాడు. డబ్బా వాయించడం కూడా వద్దన్నాడు. పందులు బెదరాలని తండ్రి గట్టు మీద కట్టిన పాత చీరల్ని, ఫొటోలు పాడవుతున్నాయని తనే పీకేశాడు.

పరదేశి కొన్నాళ్లు ఆ టెంట్ల దరిదాపులకే రాలేదు. మొదటి బ్యాచ్ అతిథులు వచ్చి వెళ్లాక మాత్రం ఏమైందో ఏమో, మనిషి పూర్తిగా మారిపోయాడు.

"మామిడి సెట్టు కింద టెంటేటిరా? అక్కడేటి అగుపడతాది?" అన్నాడు ఒకరోజు. "పందులు దిగే దారి నాకు తెలుసు. కొండవైపు గట్టు మీదెయ్యి. సరిగ్గా ఎదురొస్తాయి."

తనే సుత్తి పట్టుకుని మేకులు దిగ్గొట్టాడు. ఆ తర్వాత కూడా "దారి మార్సీసినాయిరా" అంటూ టెంట్లు అటూ ఇటూ జరిపించేవాడు. చోడవరం వెళ్లి ఇంకో దీపాల దండ తెచ్చి గట్టు పొడుగునా కట్టాడు. నాన్న దారికొచ్చాడని ఉమామహేష్ మురిసిపోయాడు. పాపం, ఆ మురిపెం తప్ప ఈ టెంట్ల వల్ల అతనికి మిగిలిందేమీ లేదు.

కాకపోతే పెద్దాయనకి నిశ్శబ్దంగా ఉండటం చేతకాదు. నిన్న సాయంత్రం ఉమామహేష్ అతిథులకి "చప్పుడు చెయ్యకండి" అని చెప్పి అటు తిరిగాడో లేదో, పరదేశి నెగడు రాజేసుకుని కూర్చున్నాడు.

"సర్చిలో పాడతావంట కదా తల్లీ? ఓ పాట పాడు. గొంతిప్పి పాడు," అన్నాడు ప్రేమ్ కుమార్ భార్య క్రిస్టినాతో.

ఆవిడ అందుకుంది. కొండ మారుమోగిపోయింది. పెద్దాయన చప్పట్లు దానికి తోడు.

"నాన్నా, ఈ గోలకి ఏం వస్తాయి?" అని తల పట్టుకున్నాడు ఉమామహేష్.

"సుట్టాల్లాటోళ్లురా. నోరు మూసుకు కూకోమంటామా?"

ఉమామహేష్ పందులు దిగే దారిలో కెమెరా కూడా కట్టి చూశాడు. అందులో పడిన ప్రాణి ఒక్కటే. చెంబు పట్టుకుని నడిచొస్తున్న పరదేశి.

పొద్దెక్కింది. గట్టు మీది తాడు మీద ఆరేసిన చీర తీసుకుంది క్రిస్టినా. అక్కడైతే గాలి బాగా తగుల్తాదని ఆ తాడు కట్టించిందీ పరదేశే. ఆయన కారు దాకా వెళ్లి, "ఇంకో రెండ్రోజులుండిపోండి బాబూ" అని బతిమాలాడు. ప్రేమ్ కుమార్ మొహమాటంగా నవ్వి కారు ఎక్కాడు.

దుమ్ము అణిగాక ఉమామహేష్ గునపం తీసుకుని కొండవైపు నడిచాడు. వెనకే రోజా, పరదేశి.

"అయిపోయింది నాన్నా. ఇక ఎవరూ బుక్ చెయ్యట్లేదు. ఇవాళే టెంట్లు పీకేస్తాను. మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటాను. నువ్వే గెలిచావు," అన్నాడు. "వాటి కోసమే కదా ఇదంతా చేశాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి కనబడితే ఏం పోయింది?"

రోజా కొంగుతో కళ్లొత్తుకుంది. ఉమామహేష్ మొదటి మేకు కింద గునపం దూర్చాడు.

పరదేశి కంగారుగా వచ్చి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"సెరుకు కొట్టేదాకా పీకకురా బాబూ, ఈ టెంట్ల పున్యాన ఈ ఏడు పందులు ఒక్క గెడైనా ముట్టనేదు!"