రహస్య ప్రశ్న

"మనిషన్నాక ఓ గుట్టుండొద్దూ? నా పేరూ ఊరూ ప్రభుత్వానికెందుకటా?" గుర్తింపు కార్డుల ఆఫీసు గుమ్మంలోనే అందుకున్నాడు పెద్దాయన.

ఉద్యోగమంతా ఆయన రైళ్ళలో టీసీ. నిద్రపోయేవాళ్ళనైనా తట్టి లేపి, ఎవరు నువ్వు, ఎక్కడికి అని నిలదీసిన మనిషి. ఇప్పుడు తననెవరైనా ఓ మాట అడిగితే మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

"మెల్లిగానండీ," అంది భార్య.

సోమవారం ఆవిడకు కంటి ఆపరేషను. కార్డు పనిచేస్తేనే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. రహస్య ప్రశ్నకు జవాబు మరిచిపోయానంది. దాంతో అది కాస్తా లాక్ అయి కూర్చుంది.

రెండు కౌంటర్లు ఈగలు తోలుకుంటున్నాయి. ఆవిడ మాత్రం పోయి పోయి మూడోదాని ముందు, చాంతాడంత వరసలో నిలబడింది.

"అక్కడ ఖాళీగా ఉంటే ఇక్కడేమిటే?"

"జనం ఉన్నచోటే పని బాగా అవుతుందండీ."

వంతు వచ్చింది. జుట్టు నెరిసిన గుమాస్తా ఆవిణ్ణి చూసి, తెర చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ప్రశ్న ఆవిడొక్కరే చూడాలండీ. రూలు."

"మా మధ్య దాపరికాల్లేవయ్యా. పైకి చదువు!"

"జీవితంలో మీరు మరిచిపోలేని వ్యక్తి పేరు?"

వరస యావత్తూ చెవులు రిక్కించింది.

"ఓస్, ఇంతేనా!" పెద్దాయన కీబోర్డు లాక్కుని తన పేరు కొట్టాడు.

తెర ఎర్రబడింది. ఆయన ముఖం కూడా.

"మరెవరే?"

"గుర్తులేదండీ."

"మరిచిపోలేని పేరు మరిచిపోయావా? ఆఁ... మా అమ్మ! ఆవిణ్ణి నువ్వెలా మరిచిపోతావు!"

తెర మళ్ళీ ఎర్రబడింది.

"పోనీ, సినిమా హీరో పేరేదైనా కొట్టి చూడండి తాతగారూ!" వెనకనుంచి ఎవరో అన్నారు. వరసంతా గొల్లుమంది.

"ఇంకొక్క అవకాశమే ఉంది," అన్నాడు గుమాస్తా కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "ఇదీ తప్పితే కార్డు రద్దు. కొత్తది రావాలంటే ఏడాది."

ఏడాది ఆగితే ఆ కన్ను ఇక కనపడదని డాక్టరు ముందే చెప్పాడు. ఆవిడ కీబోర్డును తనవైపు జరుపుకుంది.

"మీరు కాస్త అటు తిరగండి."

"నా దగ్గరా!"

"మనిషన్నాక ఓ గుట్టుండాలని మీరేగా రోజూ చెబుతారు."

ఆయన తిరిగాడు. తిరిగినట్టే తిరిగి, ఓరకంట చూశాడు. మసకబారిన కళ్ళతో, ఒంటి వేలితో కొడుతోంది. అయినా ఒక్క అక్షరం దగ్గరా తడుముకోలేదు. ఆయన పెదాలు కదుపుతూ అక్షరాలు కూడబలుక్కున్నాడు. చుట్టాల్లో లేని పేరు. ఇరుగుపొరుగులోనూ లేని పేరు.

తెర పచ్చబడింది.

'ఎవరే వీడు?' అనబోతూ తలెత్తిన ఆయనకు, గుమాస్తా చొక్కా మీది బిళ్ళలో అదే పేరు కనిపించింది.