పదహారు పేజీలు

"ఇదిగో జిగురు. సాయంత్రానికల్లా ఆ పదహారు పేజీలూ ఒకదానికొకటి అతుక్కుపోవాలి," అంటూ ప్రిన్సిపల్ రిగ్స్‌బీ రెండు సీసాలు టీచరు వెర్నా బల్ల మీద పెట్టాడు.

సైన్సు పుస్తకంలో జీవపరిణామం పాఠం అది.

"పిల్లలు చదివితే ఏం కొంప మునుగుతుంది సార్?"

"వాళ్ళ నాన్నలు వచ్చి నా గుమ్మంలో కూర్చుంటారు. ఆదివారం పాస్టరు గారు చర్చిలో దేవుణ్ణి కాదన్నవాణ్ణని నా పేరెత్తుతారు. ఈ కెంటకీ కొండల్లోనే పుట్టి పెరిగారు, మీకు నేను చెప్పాలా మిస్ వెర్నా? కోతి తాతల కథలు మీ ఇంట్లో చెప్పుకోండి. కుదరదంటే వేరే బడి చూసుకోండి."

నలభై మైళ్ళ దూరంలో వేరే బడి లేదు. వెర్నా పాము చావకుండా, కర్ర విరగకుండా పని కానిచ్చింది. ఇరవై ఎనిమిది పుస్తకాలు. ఒక్కో పేజీ మూలన నువ్వుగింజంత జిగురు. గోటితో గీకితే ఊడొస్తుంది. వద్దన్న పని చెయ్యకుండా ఏ పిల్లలుంటారు?

మర్నాడు టాబిత ఒక రాయి తెచ్చింది. ఆ క్లాసులో ప్రశ్నలడిగే పిల్ల అదొక్కతే.

"మిస్ వెర్నా, మా వాగులో దొరికింది. రాతిలో గవ్వ అచ్చు చూడండి! సముద్రం ఇక్కడికి అయిదొందల మైళ్ళు కదా, ఇదెలా నడిచొచ్చింది?"

"బైబిల్లో చెప్పిన నోవా వరదలో కొట్టుకొచ్చిందే మొద్దూ!" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా ఘొల్లుమంది.

జవాబు వెర్నా నోటిదాకా వచ్చింది. మింగేసింది. వంగి టాబిత చెవిలో, "పుస్తకంలో ఉంది. ఆ జిగురు అంత గట్టిదేం కాదు," అంది.

ఎవరో ఒకరు గీకి చదువుతారన్న ఒక్క ఆశతోనే ఏడాదంతా నెట్టుకొచ్చింది. పాఠం అయ్యాక పుస్తకాలు క్లాసు బీరువాలోకే చేరేవి. తీసి చూడాలని చెయ్యి దురద పుట్టేది. ఎవరూ తెరవలేదని తెలిస్తే తట్టుకోలేనని ముట్టుకోలేదు.

మే నెలాఖరున, బడి మూసేసే రోజు, పిల్లలంతా వెళ్ళాక మొదటి పుస్తకం తీసి మూలన గోరు పెట్టింది. ఊడలేదు. రెండోదీ అంతే. మూడోదాంట్లో స్కేలు దూర్చితే స్కేలే విరిగింది. పేజీలు అట్టముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. రిగ్స్‌బీకి తెలిసిపోయింది!

"అవింక ఊడవు, మిస్ వెర్నా."

గుమ్మంలో టాబిత.

"నువ్వా?"

"మీరు పెట్టిన జిగురు ఉత్తదే. ఎవరైనా చూస్తే మీ ఉద్యోగం పోయేది కదా. మా నాన్న కొట్టంలోంచి చెక్కలంటించే జిగురు తెచ్చి, రోజూ భోజనాల వేళ రెండేసి పుస్తకాలు అంటించేశాను. ఎవరికీ చెప్పలేదు."

వెర్నా కుర్చీలో కూలబడింది. ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరంటే ఒక్కరైనా...

"పోనీ, నీ పుస్తకమైనా తెరిచి చూశావా తల్లీ? ఆ గవ్వ సంగతి..."

టాబిత తల అడ్డంగా ఊపింది.

"నాదే అన్నిటికంటే ముందు అంటించాను. చదివితే నమ్మేస్తానేమోనని భయమేసింది."