బొరియలోని వేళ్లు

పగలు మొక్కలను, చీకటి పడ్డాక పక్షులను వెదకడం ఆ దంపతుల వేడుక. ల్యూయిస్ దీవిలోని తడిబీడుపై, తెల్లని పత్తిగడ్డి నడుమ ఈషబెల్ బోర్లా పడుకొని, నేలలో గూడు పెట్టే కడలిపక్షి గుడ్డుకోసం బొరియలోకి భుజందాకా చేయి చొప్పించింది. వెచ్చని వేళ్లు ఆమె అరచేతిని చుట్టుకున్నాయి.

“వదలవయ్యా! అవతలి కన్నంలోంచి చేయిపెట్టి ఏమిటీ వేళాకోళం?”

“నేనిక్కడ టీ పోస్తున్నా. ఎవరితోనే నీ సరసం?” వెనుకనుంచి నవ్వాడు భర్త టార్కిల్.

పక్షుల కూతలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

అతడు పరుగున వచ్చి ఆమెను లాగినకొద్దీ లోపలి పట్టు బిగిసింది. ఇక తన బలం చాలదని తెలిసి, ప్రతి ఆదివారం చర్చిలో తాను ముందుగా పాడి సభకు అందించే కీర్తన చరణాన్ని ఎత్తుకున్నాడు.

నేల కిందనుంచి వందల గొంతులు దానిని భక్తితో అందుకున్నాయి.