సంఘ పెద్ద చూసిన గాడిద సినిమా

"మాస్క్ పైకి గుంజుకో తాతా, మీసం కనబడుతుంది," అంది జెనిఫర్.

దేవసహాయం మాస్కు పైకి లాగాడు. మంకీ టోపీ కిందికి లాగాడు. మధ్యలో మిగిలిన కళ్ళకు నల్లద్దాలు పెట్టాడు. బోయిన్‌పల్లిలోని ఆ సినిమా హాలు ముందు ఆయన్ని చూసినవాళ్ళెవరూ టికెట్ కొనడానికి వచ్చాడనుకోరు, హాలు దోచుకోవడానికి వచ్చాడనుకుంటారు.

"ఎన్ని సార్?" అన్నాడు కౌంటర్లో మనిషి.

ఆయన రెండు వేళ్ళు చూపించాడు కానీ నోరు విప్పలేదు. మైకు లేకుండానే చర్చి ప్రహరీ దాటిపోయే గొంతు అది. ఒక్కసారి విన్నవాడు మళ్ళీ మర్చిపోడు.

సీతాఫల్‌మండిలోని వాళ్ళ సంఘానికి దేవసహాయం ముప్పై ఏళ్ళుగా పెద్ద. సినిమా అన్న మాటే గిట్టదు. పోయిన ఆదివారం ప్రసంగంలో, సిటీ అంతా పోస్టర్లు పడిన ఈ జంతువుల డబ్బింగ్ సినిమా 'గాడిదగారి రాజ్యం' మీద విరుచుకుపడ్డాడు. "బైబిల్లో బిలాము గాడిద చేత దేవుడు మాట్లాడించాడు. మరి ఈ గాడిద చేత ఎవడు మాట్లాడిస్తున్నాడు?" అని బల్ల గుద్దాడు. మన సంఘంలో ఎవరైనా ఆ సినిమాకు వెళ్ళారని తెలిస్తే అందరి ముందూ పేరు చదివి నిలబెడతానన్నాడు. తిట్టే ఊపులో, పేపర్లో చదివినదాన్ని బట్టి ఆ సినిమాలో ఏ జంతువు ఏం చేస్తుందో కూడా పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

ఇంటికి రాగానే మనవరాలు అందుకుంది.

"చూడకుండనే ఎట్ల తిట్టినవ్ తాతా? గాడిద ఫీల్ కాదా?"

ఆ సినిమా చూపించమని సోమవారం అన్నం మానేసింది. బుధవారానికి తాతతో మాటలు మానేసింది. అన్నం సంగతి ఎలా ఉన్నా, మాటలు లేకపోతే ఆయన ఉండలేడు. శనివారం పొద్దున భార్య ప్రేమమణితో, పిల్లకు కళ్ళు చూపించాలని అబద్ధమాడాడు. ఏ డాక్టరు, ఎక్కడ అని ఆరా తీసే మనిషి ఆ రోజు ఏమీ అడగలేదు. స్త్రీల సమాజం మీటింగుందని చెప్పి, వీళ్ళకంటే ముందే బయటపడింది. తాతా మనవరాలూ రెండు ఆటోలు మారి ఇంత దూరం వచ్చారు. ఇక్కడికైతే సంఘంవాళ్ళెవరూ రారని ఆయన లెక్క.

హాల్లో ఓ వందమంది దాకా ఉన్నారు. మధ్య వరుసలన్నీ ఖాళీ. జనమంతా గోడల పక్కన, మూలల్లో విడివిడిగా సర్దుకున్నారు. చాలామందికి మాస్కులు, కొందరికి స్కార్ఫులు, ఒకాయనకు ఈ ఎండల్లో మఫ్లరు.

"గిట్ల దొంగల్లెక్క కూసున్నరేంది తాతా?"

"పక్కనున్న మార్కెట్టు దుమ్ము తల్లీ. పాపం, ఇక్కడివాళ్ళకు రోజూ ఇదే అవస్థ," అన్నాడు గుసగుసగా.

సినిమా షురూ అయింది. సింహం అవధానంలో పద్యం చదువుతున్నట్టు మాట్లాడింది. ఉడత ఆటోడ్రైవర్‌లా తిట్టింది. ఏనుగుకు ఎవరో జలుబు చేసినాయన గొంతిచ్చాడు. ఇక గాడిద డైలాగు అయిపోయాక కూడా నోరు ఆడిస్తూనే ఉంది.

"ఇప్పుడేమన్నది తాతా?"

"మాట ఎప్పుడో అయిపోయిందమ్మా. అది నమలడం."

అరగంట గడిచేసరికి జెనిఫర్ సీట్లో జారిపోయింది.

"నువ్వు కరెక్టే తాతా. మస్తు చెత్తగుంది."

"నేను ఆదివారం ఫ్రీగా చెప్పాను కదే!"

"పోదామా మరి?"

"ఇప్పుడు లేస్తే అందరూ మనకేసే చూస్తారు. ఎవరైనా గుర్తుపడితే రేపు నేను ఏ మొహంతో నిలబడి వాక్యం చెప్పాలి? అయిపోయేదాకా కదలొద్దు."

ఇంటర్వెల్‌లో లైట్లు వెలగగానే దేవసహాయం చెప్పు సర్దుకునే నెపంతో వంగి, పది నిమిషాలూ అలాగే ఉండిపోయాడు.

"ఎవరైనా చూస్తున్నారా జెన్నీ?"

"ఒక్కలు సుత లేవలే తాతా. అందరు తలకాయ కిందికేసుకొని ఫోన్లు చూస్తున్నరు."

సినిమా చూశాక లేచే ఓపిక ఎవరికి మిగులుతుందిలే అనుకున్నాడాయన. నడుము పట్టేసింది.

చివర్లో అడవికి వరదొచ్చింది. కుందేలు పిల్లల్ని వీపు మీద ఒడ్డుకు చేర్చి, గాడిద నీళ్ళలో మునిగిపోయింది. కాసేపటికి ఒడ్డుకు కొట్టుకొచ్చింది కానీ కదల్లేదు. ఇప్పుడు నోరు కూడా ఆడటం లేదు. జంతువులన్నీ చుట్టూ చేరాయి. అంత వాగుడుకాయ ఉడత కూడా నోరు మూసుకుంది.

జెనిఫర్ తాత చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అది లేస్తదా తాతా?"

"లేస్తుందమ్మా."

"నువ్వు ప్రేయర్ చెయ్యి. నువ్వు చేస్తే లేస్తది."

తెర మీది గాడిద కోసం ప్రార్థనేమిటే అనబోయాడు. పిల్ల చెంపల మీద నీళ్ళు చూసి ఆగిపోయాడు. చూస్తే తన మాస్కూ తడిసే ఉంది. సిగ్గుపడుతూనే నల్లద్దాలు తీసి, కళ్ళు మూసుకుని, ప్రభువా ఈ పిల్ల కోసమైనా ఆ గాడిదను లేపు అని మనసులో నిజంగానే వేడుకున్నాడు.

గాడిద దగ్గింది. చెవి ఆడించింది. కళ్ళు తెరిచింది.

దేవసహాయం మాస్కు కిందికి గుంజి, సీట్లోంచి లేచి నిలబడ్డాడు. ఆదివారం గొంతు మొత్తం ఒక్కసారిగా బయటికొచ్చింది.

"దేవునికి స్తోత్రం!"

అప్పుడు గానీ ఏం చేశాడో ఆయనకు తెలియలేదు. సరిగ్గా ఆ క్షణానే సినిమాలో సంగీతం కూడా ఆగింది. ముప్పై ఏళ్ళ పేరు ఒక గాడిద పాలైంది, ఇక రేపు చర్చిలో తల ఎత్తలేను అనుకుంటూ ఆయన మాస్కు కోసం తడుముకున్నాడు.

"స్తోత్రం!" అంది హాలంతా ఒక్క గొంతుతో.