వెనక గది గోడ

"నిన్న ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లతో ఏం చెప్పావు నాన్నా?"

"వానొస్తే ఇల్లు కారుతుందని చెప్పాను."

"చుక్క కారదు! అంతకుముందు వచ్చినవాళ్లకి చెదలన్నావు. నీ చేతులతో కట్టిన ఇంటిని నీ నోటితోనే కూలుస్తున్నావు."

ముసలి మేస్త్రి చేతికర్రను గోడకు ఆనించాడు.

"బాత్రూంలో మళ్లీ పడితే? నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా అలాగే పడుంటావా? వృద్ధాశ్రమంలో పిలిస్తే పలికే మనిషి ఉంటుంది. అక్కడ డబ్బు కట్టడానికి ఈ ఇల్లు తప్ప మనకేముంది?"

"పడితే లేస్తాను."

"మొన్న లేచావా?"

మేస్త్రి మోకాలు రుద్దుకున్నాడు.

గేటు చప్పుడైంది. ఇల్లు చూడటానికి ఇంకొకాయన వచ్చాడు. కూతురు ఎదురెళ్లి, నాలుగు మాటలు మాట్లాడి గుమ్మం దాకా తీసుకొచ్చింది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ముందే చెబుతున్నా బాబూ, వానొస్తే ఈ ఇల్లు..."

"వాన సంగతి అలా ఉంచు పెద్దాయనా," అన్నాడాయన గుమ్మం బయట చెప్పులు విప్పుతూ. "ఆ వెనక గది గోడేంటి, అంత వంకర? కట్టినవాడెవడో గానీ, పని రానివాడు."

మేస్త్రి కర్ర కూడా అందుకోకుండా లేచాడు.

"వంకరా? నా గోడా? అమ్మాయ్, నా తూకం గుండు తే!"

వెనక గదిలో కూతుర్ని స్టూలెక్కించి, గోడ పైనుంచి దారం వదలమన్నాడు. ఇత్తడి గుండు కాసేపు ఊగి ఆగింది. దారానికీ గోడకూ మధ్య పైన ఎంత సందుందో కిందా అంతే ఉంది.

"చూడు. కళ్లు పెట్టి చూడు! కారడమా? ఆ కప్పు ఎన్ని వానలు ఆపిందో! చెదలా? ఈ ద్వారబంధం కొరికితే చెదపురుగుకి పళ్లూడాలి!"

కొనడానికి వచ్చినాయన భుజం పట్టుకుని గది గదీ తిప్పాడు. ప్రతి గోడనూ వేలితో కొట్టి వినిపించాడు.

"తీసుకుంటున్నా మేస్త్రి గారూ. ఇలాంటి ఇల్లు మళ్లీ దొరకదు."

"దొరకదు," అన్నాడు మేస్త్రి, తలెత్తి.

ఆయన వెళ్లిపోయాడు. కూతురు తండ్రి మొహం చూడలేక, వంచిన తల ఎత్తకుండా గుండుకు దారం చుడుతూ కూర్చుంది. మేస్త్రి దాన్ని అందుకుని జేబులో వేసుకున్నాడు.

"ఇది నాతో వస్తుంది. ఆ ఆశ్రమం గోడలెలా లేపారో చూడొద్దూ?"

కూతురికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఇంకో మాటమ్మా," అన్నాడు మేస్త్రి. "ఈసారి ఎవరికైనా గోడ వంకరని అనడం నేర్పితే, ముందుగా ఆ వెనక గదిలోకి వెళ్లొచ్చి అనమను."