చింతగింజల డబ్బా

ఉప్పల్ దగ్గర మూసీ నీళ్లకు అడ్డుకట్టగా ఉన్న కత్వ మీద, చేపలు ఎక్కిపోవడానికి కట్టిన మెట్ల పక్కన దోర్కా టార్చి పట్టుకుని కూర్చుంది. ఎక్కే ప్రతి చేపకూ స్టీలు డబ్బాలో ఒక చింతగింజ వేయాలి.

"ఫోన్ల రాసేలోపల చేప పోతది బిడ్డా," అంటూ ఈ లెక్క నేర్పింది సాలమ్మత్త. సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే మలుగుల కోసం ఆరేళ్లు ఇక్కడే కూర్చుని చూసి, ఒక్కటీ కనబడకుండానే నిరుడు కన్నుమూసింది.

డబ్బాలో టక్‌మని గింజ పడింది.

దోర్కా గింజలన్నీ గుప్పిట్లోనే ఉన్నాయి. భయంగా చుట్టూ టార్చి తిప్పింది, ఎవరూ లేరు. అంతలో కింది మెట్టు మీద పాములాంటి పొడవాటి చేప మెరిసింది. మలుగు! మళ్లీ టక్. ఇంకో మలుగు. ప్రతిసారీ గింజ ముందు, చేప వెనక. పదకొండోది ఎక్కేసరికి భయం ఎటుపోయిందో గానీ నవ్వు ఆగలేదు.

ఈ చేపల లెక్క రాసుకునే ఆఫీసులో ఉన్న ఉపేందర్‌కు ఫోన్ చేసింది. "అన్నా, మలుగులొచ్చినయి! పదకొండు!"

"మస్తు! ఒక్కదానివే లెక్కవెడ్తున్నవా?"

"లేదన్నా. నేను ఉత్తగ సూస్తున్న."

ఫోన్ పెట్టేసి, "ఇగో అత్తా," అంటూ గుప్పిట్లోని గింజలన్నీ డబ్బాకు అవతల, సాలమ్మత్త కూర్చునే ఖాళీ చాప మీద కుప్పగా పోసింది.

కుప్పలో ఒకటి తగ్గింది. డబ్బాలో టక్.

దోర్కా గబుక్కున టార్చిని నీళ్ల మీదికి తిప్పింది.