గాలికి ఎవరు చెప్పారు?

కొండ కొమ్మున ఒక చదునైన బండ ఉంది. దాని అంచు పొడుగునా నాగజెముడు పొదలే. ఆషాఢం వస్తే అక్కడ గాలి ఉన్నట్టుండి విసురుతుంది, ఉన్నట్టుండి పడిపోతుంది.

ఒక కుర్ర నెమలి ఎగిరొచ్చి ఆ బండ మీద, అక్కడే ఉన్న ఒక ఉడుము పక్కన మెత్తగా వాలింది. "చూశావా ఉడుమన్నా, ఎంత ఒడుపుగా దిగానో!" అంటూ వెంటనే రెక్కలు ముడిచి పింఛం విప్పింది. సరిగ్గా అప్పుడే పక్కనుంచి గాలి విసిరింది. పింఛాన్ని పట్టుకుని నెమలిని గిర్రున తిప్పి ముళ్ళలో పడేసింది.

ఉడుము దాన్ని బయటికి లాగుతుంటే పైన ముసలి నెమలి కనిపించింది. దాని పింఛం కుర్రదాని పింఛం కన్నా మూరెడు పొడుగు.

"తాతా, దిగకు! గాలి చంపేస్తోంది!" అని కుర్రది అరిచింది.

ముసలి నెమలి కాస్త వేగంగానే వచ్చింది. గాలి ఎటునుంచి తోస్తే అటువైపు రెక్క వాల్చింది. గాలి పడిపోతే ఒక్కసారి రెక్కలాడించి నిలదొక్కుకుంది. ఒక కాలు ఆనింది, తర్వాత రెండోది. అయినా రెక్కలు ముడవలేదు. పరుగు నడకైంది. గాలి ఎటు మళ్ళితే అటు రెక్క వంగుతూనే ఉంది, అంత పింఛమూ గీత గీసినట్టు వెనకే వచ్చింది. పూర్తిగా ఆగాకే రెక్కలు ముడిచింది.

ఉడుము చాచిన నాలుక లోపలికి తీసుకోవడం మరిచిపోయింది.

"కాళ్ళు ఆనాక కూడా ఎగురుతూనే ఉన్నావేం తాతా?" అంది కుర్రది.

"నేను దిగానని గాలికి ఎవరు చెప్పార్రా?" అంది ముసలి నెమలి.